విన్న మాటకు పూచీ

మనిషికి మధుమేహం వస్తుందో రాదో కంప్యూటర్ చేత చెప్పించే ప్రాజెక్టు హైదరాబాద్ కాలేజీల్లో ఏటా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. దానికి వాడే పట్టిక చాలాసార్లు ఒకటే. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరం దగ్గర నివసించే పీమా తెగకు చెందిన, 21 ఏళ్లు నిండిన 768 మంది స్త్రీల వివరాలు అందులో ఉంటాయి. ఎన్ని కాన్పులు, రక్తంలో చక్కెర ఎంత, రక్తపోటు ఎంత, ఇన్సులిన్ ఎంత అని ఎనిమిది కొలతలు, చివర జబ్బు ఉందా లేదా అన్న తొమ్మిదో గడి. ఈ పట్టికను ప్రోగ్రాంలోకి ఎక్కించే ముందు ఒక్కసారి కళ్లతో చదివితే 35 మంది స్త్రీల రక్తపోటు దగ్గర సున్నా కనిపిస్తుంది. 11 మంది శరీర ద్రవ్యరాశి సూచిక సున్నా. 374 మంది ఇన్సులిన్ సున్నా. రక్తపోటు సున్నా ఉన్న మనిషి బతికి ఉండదు. అవి కొలతలు కావు, కొలత దొరకని చోట ఎవరో పెట్టిపోయిన సున్నాలు. వాటిని కొలతలుగానే తీసుకుని, కచ్చితత్వం ఇంత శాతమని రికార్డు రాసి, వైవాలో పాసై బయటికొచ్చిన విద్యార్థి లెక్క తప్పలేదు. ప్రోగ్రాం కూడా సవ్యంగానే నడిచింది. ఈ అంకె నాకు ఎవరు చెప్పారు, వాళ్లకు ఎలా తెలిసింది అని మాత్రం అతను అడగలేదు. అడగాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇది పైకి చిన్న సాంకేతిక లోపం. లోపలికి వెళితే తత్వశాస్త్రమూ మతమూ కూడా చాలాకాలంగా తలపోస్తున్న ప్రశ్న ఒకటి తగులుతుంది. నా కళ్లతో నేను చూడనిది, ఇంకొకరు చెప్పగా విన్నది, నాకు తెలిసిన సంగతిగా నలుగురి ముందు చెప్పే హక్కు నాకెప్పుడు వస్తుంది? రసాయనశాస్త్రం చదివే విద్యార్థి కొంతైనా తన చేత్తో కలిపి, తన కళ్లతో రంగు మారడం చూస్తాడు. కంప్యూటర్ విద్యార్థికి దాదాపు అంతా వినికిడే. డేటాసెట్ ఎవరో సేకరించింది, లైబ్రరీ ఎవరో రాసింది, బేస్ పేపర్ ఎవరో అచ్చువేసింది. విద్యార్థి చేసేదల్లా వాటిని ఒకచోట కూర్చి నడిపించడం. కనుక కంప్యూటర్ విద్యార్థులకు పరిశోధన పద్ధతులు నేర్పేటప్పుడు మొదటి పాఠం సాక్ష్యాన్ని పరీక్షించడం కావాలి. గణాంక సూత్రాలు, సాఫ్ట్‌వేర్ పరికరాలు ఆ తర్వాత రావచ్చు. ఈ విద్యను అత్యంత లోతుగా సాధన చేసిన సంప్రదాయం కోసం దూరదేశం పోనక్కర్లేదు. హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, శిబ్లీగంజ్‌లోని జామియా నిజామియాలో, ప్రవక్త మాటల్ని పరీక్షించే హదీసు శాస్త్రం ఇప్పటికీ పాఠంగా చెబుతున్నారు. ఆ చుట్టుపక్కల వీధుల నుంచే వందలాది పిల్లలు కంప్యూటర్ కోర్సులకు వెళుతున్నారు. ఈ రెండు చదువులకూ మధ్య మాటామంతీ లేకపోవడం వల్ల నష్టపోతున్నది రెండోదే ఎక్కువ.

ఇప్పుడు మనం చెబుతున్నదేమిటో చూద్దాం. ఎంటెక్‌లో పరిశోధన పద్ధతులకూ మేధాసంపత్తి హక్కులకూ కలిపి ఒక పేపర్ ఉంది. పీహెచ్‌డీ కోర్సు వర్కులో పరిశోధన, ప్రచురణల నైతికత మీద రెండు క్రెడిట్ల, 30 గంటల పేపర్‌ను యూజీసీ 2019 చివర్లో తప్పనిసరి చేసింది. అంతకు ముందు 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటకపోతే శిక్ష లేదు. ఉద్దేశం మంచిదే, కాదనను. తరగతి గదిలో జరిగిందేమిటంటే, నిజాయతీ అన్నది పది శాతం లోపు తెచ్చుకోవాల్సిన ఒక అంకెగా మారింది. మాటలు మార్చితే అంకె తగ్గుతుంది. ఇంకొకరి వాక్యాన్ని ఎత్తి రాస్తే యంత్రం పట్టుకుంటుంది. ఇంకొకరి నమ్మకాన్ని పరీక్షించకుండా ఎత్తుకొస్తే పట్టుకునే యంత్రం లేదు. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు అమీర్‌పేటలో నిలదొక్కుకున్నది ఈ సందులోనే. అక్కడ కొన్నవాడి తప్పు కొన్నందుకే అని మనం అనుకుంటాం. తాను పూచీ పడలేని మాటకు కింద సంతకం చేయడం అంతకంటే పెద్ద తప్పు. ఆ తప్పు, ప్రాజెక్టు కొనకుండా రాత్రింబవళ్లు కష్టపడి సొంతంగా చేసుకున్నవాడూ చేస్తూ ఉండవచ్చు.

వినికిడి మీద ఆధారపడడం దానంతటది లోపం కాదన్న సంగతి ముందే ఒప్పుకోవాలి. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం వీటి పక్కన శబ్దాన్ని కూడా నైయాయికులు ప్రమాణంగా నిలిపారు. చార్వాకులు ఒప్పుకోలేదు, బౌద్ధ తార్కికులు దాన్ని విడి ప్రమాణంగా అంగీకరించలేదు. అయినా న్యాయ దర్శనం పట్టు విడవలేదు, ఎందుకంటే ఇతరుల మాట లేకుండా ఒక్క రోజు కూడా గడవదు. అయితే ఎవరి మాట? ఆప్తుడి మాట. తెలుగు దేశం నుంచి వచ్చిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో పిల్లల కోసం రాసిన తర్కసంగ్రహంలో ఆప్తుణ్ణి ఒక్క ముక్కలో నిర్వచించాడు: ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేవాడు. అంతకు వెయ్యేళ్లకు ముందే వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో ఈ లక్షణం ఋషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ సమానమేనని తేల్చిచెప్పాడు. ఇది సామాన్యమైన మాట కాదు. పుట్టుక, పీఠం, పేరు చూసి మాటను నమ్మకూడదని ఒక శాస్త్రగ్రంథం ఆనాడే అంగీకరించింది. పెద్ద జర్నల్ పేరు, విదేశీ విశ్వవిద్యాలయం ముద్ర చూసి అంకెను కళ్లకద్దుకునే విద్యార్థికి వాత్స్యాయనుడు చెప్పాల్సింది ఇంకా ఉంది.

కానీ ఆప్తుడెవరో గుర్తుపట్టడం ఎలా అన్నచోట న్యాయ దర్శనం క్లుప్తంగా ఆగిపోతుంది. ఆ మాట ప్రకారం నడిచి చూడు, ఫలిస్తే ఆప్తుడు అంటుంది. వైద్యుడి మందు పనిచేసినట్టు. మందుకు అది సరిపోతుంది. చెప్పినవాడు చనిపోయి వందేళ్లయి, మాట పదిమంది నోళ్లు మారి వచ్చినప్పుడు సరిపోదు. సరిగ్గా ఆ చిక్కునే హదీసు పండితులు శతాబ్దాల పాటు తమ జీవితకాలపు పనిగా పెట్టుకున్నారు. ప్రవక్త ముహమ్మద్ ఫలానా మాట అన్నారని ఎవరైనా చెబితే, ఎవరి దగ్గర విన్నావు, వాళ్లు ఎవరి దగ్గర విన్నారు అని మొదటిదాకా గొలుసు చెప్పాలి. ఆ గొలుసే ఇస్నాద్. గొలుసులోని ప్రతి మనిషినీ విడివిడిగా పరీక్షించే శాస్త్రం జర్హ్ వ తాదీల్. ఈ శాస్త్రానికి హైదరాబాద్ చేసిన సేవ ప్రపంచానికి తెలుసు, మనకే తెలియదు. 1888లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, ఇమాద్ ఉల్ ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ, జామియా నిజామియా స్థాపకుడు మౌలానా అన్వారుల్లా ఫారూఖీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం కలిసి దాయిరతుల్ మారిఫ్ అనే ప్రచురణ సంస్థను ఈ నగరంలో నెలకొల్పారు. చేతిరాత ప్రతులను తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, పాఠభేదాలు అడుగున చూపి అచ్చువేయడం దాని పని. ఇబ్న్ హజర్ రాసిన తహ్‌జీబుత్ తహ్‌జీబ్ 12 సంపుటాలుగా ఇక్కడే 1907, 1909 మధ్య వచ్చింది. బుఖారీ అత్తారీఖుల్ కబీర్, ఇబ్న్ అబీ హాతిమ్ గ్రంథం ఇక్కడే అచ్చయ్యాయి. ఇవన్నీ హదీసు చెప్పిన మనుషుల గురించిన నిఘంటువులు. ఒక్కో పేరు కింద, ఇతను ఏ ఊరివాడు, ఎవరి దగ్గర విన్నాడు, ఇతని దగ్గర ఎవరు విన్నారు, ఎప్పుడు పోయాడు, ఏ విమర్శకుడు ఇతని గురించి ఏమన్నాడు అని ఉంటుంది.

ఆ విమర్శకులు చూసేవి రెండు. మనిషి నిజాయతీపరుడా, విన్నదాన్ని చెదరకుండా నిలుపుకోగలడా. మొదటిది ఉండి రెండోది లేకపోతే అతను సాధువే కావచ్చు, సాక్షిగా పనికిరాడు. మహా భక్తుల పేర్లు కూడా ఈ పుస్తకాల్లో బలహీనుల పట్టీలోకి ఎక్కాయి. ఇఖ్తిలాత్ అని ఒక విషయం ఉంది: ముసలితనంలో జ్ఞాపకం తప్పిన సాక్షి. అతని మాటలన్నీ తోసిపారేయరు, తప్పకముందు ఎవరు విన్నారు, తర్వాత ఎవరు విన్నారు అని శిష్యుల్ని రెండు వరసలుగా విడదీస్తారు. తద్లీస్ అని ఇంకొకటి: ఫలానా ఆయన నుంచి అని మాత్రం అంటాడు, స్వయంగా విన్నానని అనడు, మధ్యలో ఉన్న బలహీనుడి పేరు మింగేస్తాడు. వింటున్నవాడు ఇద్దరూ ముఖాముఖి కూర్చున్నారనే అనుకుంటాడు. మన సిద్ధాంత వ్యాసాల చివర ఉండే గ్రంథాల పట్టీల్లో ఎన్ని ఇలాంటివి ఉంటాయో పరిశోధన చేయించిన ప్రతి గైడుకూ తెలుసు. ఒక పత్రంలో ఇంకో పత్రం పేరు చూసి, దాన్ని తెరవకుండానే నేరుగా ఆ రెండోదాన్నే ఉటంకించడం తద్లీస్ కాక మరేమిటి? పోలిక శాతం కొలిచే సాఫ్ట్‌వేర్‌కు ఇది కనిపించదు. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్ పండితుడు వెంటనే పట్టేవాడు.

యహ్యా బిన్ మయీన్ అనే విమర్శకుడి గురించి చెప్పుకునే ఒక సంగతిని కంప్యూటర్ విద్యార్థి ప్రత్యేకంగా తెలుసుకోవాలి. హమ్మాద్ బిన్ సలమా అనే గురువు హదీసుల్ని ఆయన ఒక శిష్యుడి దగ్గర విని ఊరుకోలేదు. ఊరు మారి, ఒకరి తర్వాత ఒకరుగా పదిమందికి పైగా శిష్యుల దగ్గర అవే హదీసుల్ని మళ్లీ మళ్లీ విన్నాడు. ఎందుకంత శ్రమ అని అడిగితే ఆయన చెప్పిన కారణం ఇది. శిష్యులంతా ఒకే రకంగా చెప్పి, అది ఇతర గురువుల మాటకు విరుద్ధంగా ఉంటే తప్పు హమ్మాద్‌ది. శిష్యుల్లో ఒక్కడే వేరుగా చెబితే తప్పు ఆ శిష్యుడిది. దోషం మూలంలో ఉందా, మోసుకొచ్చినవాడిలో ఉందా అని విడదీయడానికి, ఒకటి కదలకుండా నిలిపి ఇంకొకదాన్ని మారుస్తూ చూడడం ఇది. మోడల్‌లో ఒక్కో భాగాన్ని తీసేసి ఫలితం ఎంత మారిందో చూసే అబ్లేషన్ పరీక్ష వెనకున్న తర్కం వేరేది కాదు. తొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో, ఒంటెల మీదా కాలినడకనా తిరుగుతూ, దేవుడి పేరుతో ఒక్క అబద్ధం కూడా తన ద్వారా ముందుకు పోకూడదన్న భయంతో ఒక మనిషి ఈ పని చేశాడు.

ఆ భయం లేకపోతే ఏమవుతుందో చూపడానికి కేడీడీ కప్ 99 అనే డేటాసెట్ చాలు. నెట్‌వర్క్‌లోకి చొరబాట్లను పసిగట్టే ప్రాజెక్టులకు మన దగ్గర ఇది దశాబ్దాలుగా ఆస్థాన గ్రంథం. 1998లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా కోసం ప్రయోగశాలలో కృత్రిమంగా సృష్టించిన రాకపోకల నుంచి దీన్ని తయారుచేశారు. 2009లో తవల్లాయీ అనే పరిశోధకుడు, అతని సహచరులు దీన్ని గింజ గింజా ఏరి చూస్తే శిక్షణ భాగంలో దాదాపు 78 శాతం, పరీక్ష భాగంలో దాదాపు 75 శాతం వరసలు నకళ్లని తేలింది. ఒకే వరస వేలసార్లు తిరిగొస్తే దాన్ని గుర్తుపట్టడమే తెలివిగా లెక్కకొస్తుంది. ఆ సంగతి అచ్చయ్యాక కూడా అదే పట్టిక మీద 99 శాతం సాధించామన్న పత్రాలు వస్తూనే ఉన్నాయి. ఇదే హదీసు అయితే, సాక్షి మీద అభియోగం నమోదైన రోజు నుంచీ అతని పేరు తలిచిన ప్రతివాడూ ఆ అభియోగాన్నీ తలవాల్సి ఉండేది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది, అది మతం లోపలి నుంచే వస్తుంది. పోయినవారి లోపాలు తవ్వడం, పరోక్షంలో ఒకరి గురించి చెడు చెప్పడం గీబత్ కాదా? ఖురాన్ దాన్ని ఘోరమైన పాపంగా చెబుతుంది. మన దగ్గర ఇదే అభ్యంతరం ఇంకో వేషంలో ఉంది: గురువు మాటకు ఎదురు ప్రశ్న వేయడం మర్యాద కాదు, గైడు పేపర్‌లో తప్పు పట్టడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం. హదీసు పండితులు ఈ ప్రశ్నను దాటవేయలేదు. వాళ్లు ఆలోచించి ఇచ్చిన తీర్పు, సాక్షి లోపాన్ని అవసరమైనంత మేరకు, అవసరమైన సందర్భంలో చెప్పడం అనుమతించదగిందే కాదు, బాధ్యత అని. అవసరం దాటి ఒక్క మాట అన్నా అది మళ్లీ పాపమే. అలీ బిన్ అల్ మదీనీ ఈ శాస్త్రంలో శిఖరం లాంటివాడు. తన తండ్రి హదీసు విషయంలో ఎలాంటివాడని ఆయన్ని అడిగారు. వేరేవాళ్లను అడగండని మొదట తప్పించుకోబోయి, వాళ్లు పట్టుబడితే, ఇది ధర్మానికి సంబంధించిన సంగతి గనక చెబుతున్నాను, మా నాన్న బలహీనుడే అన్నాడు. తండ్రి మీద గౌరవం ఆయనకు తక్కువని ఎవరూ అనలేదు. మన పిల్లలకు గురుభక్తి వద్దని చెప్పక్కర్లేదు. గురువును ప్రేమిస్తూనే గురువు అంకెను మళ్లీ కొలవవచ్చని, అలా కొలవడాన్ని పవిత్రమైన పనిగా చూసిన ఒక సంప్రదాయం వాళ్ల నగరంలోనే ఉందని చెబితే చాలు.

రెండో అభ్యంతరం లౌకికవాదుల నుంచి వస్తుంది. మతం నమ్మకంతో మొదలవుతుంది, శాస్త్రం సందేహంతో. ముందే నమ్మినదాన్ని కాపాడుకోవడానికి పుట్టిన పద్ధతిని ప్రయోగశాలకు తేవడం ప్రమాదం కాదా అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో జోసెఫ్ షాఖ్ట్ లాంటి పండితులు చాలా గొలుసులు తర్వాతి తరాల్లో వెనక్కి అల్లినవేనని వాదించారు. ఆ వాదానికి వచ్చిన జవాబుల్లో ముఖ్యమైనదాన్ని ఇచ్చినవాడు హైదరాబాదీయే. 1908లో ఈ నగరంలో పుట్టి, ఉస్మానియాలో చదివి, జీవితంలో ఎక్కువ భాగం పారిస్‌లో గడిపిన ముహమ్మద్ హమీదుల్లా, బెర్లిన్‌లోనూ డమాస్కస్‌లోనూ దొరికిన రెండు చేతిరాత ప్రతుల ఆధారంగా హమ్మామ్ బిన్ మునబ్బిహ్ హదీసు పుస్తకాన్ని పరిష్కరించి ప్రచురించాడు. హమ్మామ్ ఎనిమిదో శతాబ్దం తొలిభాగం వరకు జీవించాడు. అతని పుస్తకంలోని మాటలు, 855లో మరణించిన అహ్మద్ బిన్ హంబల్ సంకలనంలో దాదాపు అక్షరం తప్పకుండా ఉన్నాయి. తరాలు మారినా మోసుకొచ్చినవాళ్లు సరుకు మార్చలేదని ఇది గట్టిగా చూపింది. అయితే హమ్మామ్ విన్నది నిజమా అన్న ప్రశ్నను ఇది తేల్చదు. పాఠం చెదరకుండా రావడం ఒకటి, పాఠం నిజం కావడం ఇంకొకటి. పరిశోధన పద్ధతుల పుస్తకాల్లో మొదటి అధ్యాయంలోనే ఉండే ఈ తేడాను విద్యార్థి పరీక్షకు బట్టీపట్టి మరిచిపోతాడు. ఇలాంటి నిజమైన ఉదాహరణతో చెబితే మరిచిపోడు. హదీసు మీద విశ్వాసం ఉందా లేదా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సింది. ఆ విశ్వాసం లేనివాడికీ ఆ పరీక్షలు పనికొస్తాయి. నమ్మకం సందేహాన్ని చంపుతుందన్న భయానికి శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైసమ్ జీవితం కూడా జవాబే. విశ్వాసి అయిన ఆయన టాలమీ మీద సందేహాలంటూ ఒక గ్రంథమే రాశాడు. ఆయన చిన్న గ్రంథాల సంపుటిని 1930లలో అచ్చువేసింది కూడా దాయిరతుల్ మారిఫే.

మూడోది కంప్యూటర్ అధ్యాపకుల అభ్యంతరం, నాకు అన్నిటికంటే గట్టిదిగా కనిపించేది. హదీసును మళ్లీ నడిపించి చూడలేం, కోడ్‌ను చూడగలం. ఎవరు చెప్పారన్నదాంతో మాకేం పని, రన్ చేస్తే తేలిపోతుంది కదా? దీనికి జవాబు కూడా హైదరాబాద్ చరిత్రలోనే ఉంది. దాయిరతుల్ మారిఫ్ పుట్టిన 1888లోనే, అదే నిజాం పాలనలో, ఈ నగరంలో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కూడా కూర్చుంది. క్లోరోఫాం మత్తులో రోగులు హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారు, ముందు ఆగేది గుండెనా, శ్వాసా అన్నది అప్పటికి నలభై ఏళ్లుగా తెగని వివాదం. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతి. ఎడిన్‌బరాలో జేమ్స్ సైమ్ శిష్యుడు. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు భయం లేదన్నది సైమ్ బోధ. లారీ కుక్కల మీద ప్రయోగాలు చేయించి గురువు మాటే నిజమన్నాడు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం ఖర్చు పెట్టుకుని 1889లో రెండో కమిషన్ వేయించింది, లాన్సెట్ తరఫున థామస్ లాడర్ బ్రంటన్ హైదరాబాద్ వచ్చాడు. ఆయన వచ్చింది వేరే అభిప్రాయంతో. నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు చూశాక, ఆయనే మనసు మార్చుకుని లారీతో ఏకీభవించాడు.

ఇంతకంటే మంచి శాస్త్రం ఏముంటుంది అనిపిస్తుంది. ప్రత్యర్థిని పిలిచారు, ప్రయోగాలు మళ్లీ మళ్లీ చేశారు, రక్తపోటు గీతలు నమోదు చేశారు, ప్రత్యర్థి నిజాయతీగా ఒప్పుకున్నాడు. అయినా తీర్పు తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కించి, గుండె కింది గదులు లయ తప్పి అదిరి ఆగిపోవడం చూపించాడు. చావు నిండు మత్తులో కాదు, పైపై మత్తులో, భయంతో ఉద్రేకపడిన దేహంలో పొంచి ఉంది. హైదరాబాద్ ప్రయోగాల్లో చూపంతా ఎక్కువ మోతాదు మీద ఉంది. అసలు మనుషులు చనిపోతున్న ఆ పలచటి దశను ఎవరూ అదేపనిగా ప్రశ్నించలేదు. అడగని ప్రశ్నకు నాలుగు వందల జంతువులూ జవాబు చెప్పలేదు. ప్రయోగం కూడా ఒక సాక్షే. తనను అడిగినదానికే జవాబు చెబుతుంది, తాను చూసినంతే చెబుతుంది. మళ్లీ రన్ చేస్తే తేలిపోతుందనే అధ్యాపకుడు, పీమా పట్టికను వెయ్యిసార్లు రన్ చేసినా ఆ 35 సున్నాలు సున్నాలుగానే ఉంటాయని గుర్తుంచుకోవాలి. లారీ తన గురువు మాటను జర్హ్‌కు పెట్టలేదని నేననను, ఆయన పెట్టాననే మనస్ఫూర్తిగా నమ్మాడు. కానీ తన ప్రయోగశాలను తానే సాక్షిగా బోనులో నిలబెట్టలేదు. లారీ సర్జన్‌గా ఉన్న ఆ రెసిడెన్సీ ప్రాంగణంలోనే, కోఠీలో, ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం నడుస్తోంది. అక్కడ కంప్యూటర్ చదివే అమ్మాయిలకు ఈ కమిషన్ కథ చెప్పని పరిశోధన పద్ధతుల పాఠం అసంపూర్ణమని నేననుకుంటాను.

ఈనాటి క్లోరోఫాం తప్పు మన ప్రాజెక్టు రికార్డుల్లో ఎలా ఉంటుందో దగ్గరగా చూపవచ్చు. పీమా పట్టికలో జబ్బు ఉన్నవారు 268 మంది, లేనివారు 500. ఈ అసమానతను సరిచేయడానికి స్మోట్ అనే పద్ధతి వాడతారు. జబ్బు ఉన్న ఒక వరసను, దానికి దగ్గరగా ఉన్న ఇంకో వరసను తీసుకుని, రెంటికీ మధ్య కల్పిత వరసలు పుట్టిస్తుంది అది. చాలా రికార్డుల్లో ముందు స్మోట్ వాడి, ఆ తర్వాత పట్టికను శిక్షణ భాగం, పరీక్ష భాగం అని చీలుస్తారు. క్రమం తారుమారైంది. పరీక్షకు దాచాల్సిన మనుషుల పోలికలు కల్పిత వరసల రూపంలో శిక్షణలోకి వచ్చేశాయి, ప్రశ్నపత్రం ముందే బయటికొచ్చినట్టు. కచ్చితత్వం అమాంతం పెరుగుతుంది. 1988లో ఈ పట్టిక మీద వచ్చిన తొలి పత్రంలో, 576 మందితో నేర్పి మిగిలిన 192 మంది మీద పరీక్షిస్తే వచ్చింది 76 శాతం. ఇప్పుడు 97, 98 అని రాసే రికార్డు కనిపిస్తే, పద్ధతి అంత మెరుగైందా, చీలిక తప్పిందా అని ఆగి చూడాలి. ఇలాంటి లీకేజీ విద్యార్థులకే పరిమితం కాదు. ప్రిన్స్‌టన్‌లో సయాష్ కపూర్, అరవింద్ నారాయణన్ 2023లో ప్రచురించిన సర్వేలో 17 శాస్త్రరంగాల్లో దాదాపు మూడు వందల పత్రాలు ఈ జబ్బుతో బయటపడ్డాయి. వాటిలో ప్రతి ఒక్కటీ రన్ అయిన కోడే.

చివరిగా, కాలం సరిపోదన్న అభ్యంతరం. పాతబస్తీ నుంచి రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్లే పిల్లకు ఉద్యోగం కావాలి, ఇస్నాద్ కాదు అంటారు. ఇది దయతో అన్నమాటే అయినా ఆ పిల్ల శక్తిని తక్కువ చేసిన మాట. ఆమె రేపు ఆసుపత్రికో బ్యాంకుకో రాసే ప్రోగ్రాంలో, కొలవని రక్తపోటును సున్నా అని చదివే వరస ఒకటి ఉంటే, దాని ఫలితం ఎవరి ఒంటి మీదో, ఎవరి అప్పు దరఖాస్తు మీదో పడుతుంది. దీనికి కొత్త పేపర్ కూడా అక్కర్లేదు. ఉన్న పేపర్లలోనే పది గంటలు ఒకే డేటాసెట్‌కు ఇస్తే చాలు. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరి దగ్గర, దేనికోసం సేకరించారు. మన చేతికి ఏ ఏ చేతులు మారి వచ్చింది. మధ్యలో ఎవరు ఏం మార్చారు. దాని మీద ఇప్పటిదాకా ఎవరు ఏ లోపం చూపారు అన్నది విద్యార్థి స్వయంగా తవ్వి రాయాలి. రికార్డులో ప్రతి అంకె పక్కన ఇది నేను కొలిచింది, ఇది నేను చదివింది, ఇది ఇంకొకరు చదివారని విన్నది అని మూడు రకాలుగా గుర్తుపెట్టాలి. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ కచ్చితత్వం ఎంత అని అడిగే ముందు ఆ గుర్తుల్ని చూడాలి. సున్నాలను ఖాళీలుగా పట్టుకుని, స్మోట్‌ను చీలిక తర్వాతకు జరిపి, 98 నుంచి 76కు పడిపోయిన అంకెను దాచకుండా తెచ్చిన విద్యార్థికి ఇప్పుడున్న మార్కుల పద్ధతిలో తక్కువ వస్తాయి. ముందు మారాల్సింది అది, అది మార్చే అధికారం ప్రతి డిపార్ట్‌మెంట్ చేతిలోనూ ఉంది.